ఒట్టు పెట్టని ఇంట్లో

నా చిన్నప్పుడు ఒట్టు చాలా చవక. హనుమకొండలో మా సర్కారు బడి ఆవరణలో రోజుకు వంద ఒట్లు పుట్టేవి, సాయంత్రం గంట కొట్టేలోగా వందా చచ్చేవి. బలపం ఎవరు తీశారంటే అమ్మతోడు నేను కాదు. గోలీ ఎవరు దాచారంటే విద్యతోడు నాకు తెలియదు. పెట్టిన ఒట్టు నిలబడేది కాదని తెలిస్తే దానికీ ఒక దారి ఉండేది. ఒట్టు తీసి గట్టు మీద పెట్టేశానని మనసులో అనుకుంటే సరిపోయేది. ఆ లెక్కన ఊళ్ళో గట్ల మీద నావే బోలెడు ఒట్లు పడి ఉండాలి. నేను మసీదుకు పోయే ఇంటి పిల్లవాణ్ణి, నా పక్కన కూర్చునేవాడు గుడికి పోయే ఇంటివాడు. ఒట్ల దగ్గర మాత్రం మా ఇద్దరిదీ ఒకటే మతం.

ఏడో తరగతిలో నన్ను ప్రతిజ్ఞ చెప్పించే లీడరును చేశారు. పొద్దున్నే బడి అంతా వరసల్లో నిలబడేది. ముందు సరస్వతీదేవి మీద ప్రార్థన. ఆ సమయంలో చేతులు జోడించి నీ దేవుణ్ణి నువ్వు తలుచుకో, ఎవరికీ నొప్పి ఉండదు అని మా అమ్మ మొదటిరోజే చెప్పి పంపింది. ప్రార్థన అయ్యాక నేను జెండా గద్దె ఎక్కి, కుడిచేయి ముందుకు చాచి ప్రతిజ్ఞలో ఒక్కో ముక్క చెబితే, నాలుగు వందల మంది చేతులు చాచి ఆ ముక్కను తిరిగి అనేవారు. అబ్బో, నా గర్వం చూడాలి అప్పుడు! మా నాన్న చౌరస్తా దగ్గర దర్జీ. ఆ కబురు వినగానే మిషన్ తొక్కడం ఆపి, నా కాలరు సర్ది, "గట్టిగ చెప్పు బేటా. అందరికన్న మనం జర గట్టిగనే చెప్పాలె" అన్నాడు. ఎందుకని నేను అడగలేదు. గొంతు ఉంది, గద్దె దొరికింది, ఇంకేం కావాలి!

మా క్లాసులోనే ఒక అమ్మాయి ఉండేది. పేరు చెప్పను, ఆమె ఎక్కడున్నా మనవలతో సుఖంగా ఉండాలి. మేమంతా డోర్నకల్ పిల్ల అనేవాళ్ళం. వాళ్ళ నాన్న డోర్నకల్ దగ్గర రైలు పట్టాల గ్యాంగులో పనివాడు. లైను వెంట క్వార్టర్లు మారుతుంటాయి, పిల్ల చదువు చెడుతుందని ఇక్కడ సుబేదారిలో పెద్దమ్మ ఇంట్లో ఉంచాడు. ఆ పెద్దమ్మ దవాఖానలో ఆయా. మా క్లాసులో చర్చికి పోయే పిల్లలు ఇంకా నలుగురు ఉండేవారు, వాళ్ళు మా అందరిలాగే ప్రతిజ్ఞ చెప్పేవారు, మా అందరిలాగే ఒట్లు పెట్టేవారు. ఈ పిల్ల వాళ్ళది మాత్రం చిన్న సంఘం. పది కుటుంబాలవాళ్ళు ఆదివారం ఎవరో ఒకరి ఇంట్లో చాపల మీద కూర్చుని ప్రార్థన చేసుకుంటారు. మనిషి ఏ ఒట్టూ పెట్టకూడదు, ఏ ప్రమాణమూ చేయకూడదు, ఔనంటే ఔను, కాదంటే కాదు, దాని మీద ఒక్క మాట ఎక్కువైనా తప్పే అని వాళ్ళ నమ్మకం. అందుకే ఆటలో కూడా ఆ పిల్ల ఒట్టు పెట్టేది కాదు. తొక్కుడుబిళ్ళలో గీత తొక్కావా అంటే "తొక్కిన" అనేది, తొక్కలేదంటే "తొక్కలే" అనేది. ఒట్టు పెట్టు అని మేము చుట్టూ చేరి ఎగిరినా, "చెప్పిన గద" అని పక్కకు జరిగేది. దానికి మేము నవ్వేవాళ్ళం. కానీ తగాదా వస్తే తీర్పుకు అందరం ఆమె దగ్గరికే పోయేవాళ్ళం.

మరి ప్రతిజ్ఞ సంగతి? అదీ ఒట్టే కదా. దీనికి మా తెలుగు టీచరమ్మ ఒక ఉపాయం చేసింది. అప్పటికి ఆమెకు ఇరవై అయిదేళ్ళు ఉంటాయేమో. మా బడి గంట అంటే వరండా చివర వేలాడే రైలు పట్టా ముక్క, దాన్ని ఇనుప కడ్డీతో కొట్టాలి. ప్రతిజ్ఞ ముగిసిన మరుక్షణం మొదటి గంట మోగాలి. ఆ పని టీచరమ్మ డోర్నకల్ పిల్లకు ఇప్పించింది. గంట దగ్గర ఉన్న మనిషి వరసలో నిలబడనక్కర్లేదు. కుడిచేతిలో బరువైన కడ్డీ ఉంటుంది కాబట్టి చేయి చాచనక్కర్లేదు. స్తంభం చాటున నోరు కదులుతోందో లేదో ఎవరూ చూడరు. బడిలో ఎవరికీ ఏ లోటూ రాకుండా, ఆ పిల్ల నమ్మకానికి దెబ్బ తగలకుండా ఏడాది పైనే అలా గడిచిపోయింది.

గద్దె ఎక్కిన వాడికి అన్నీ కనిపిస్తాయి. ఒకరోజు నల్లా దగ్గర నీళ్ళు తాగుతుంటే అడిగేశాను, నువ్వు ప్రతిజ్ఞ చెప్తలేవు కదా అని. ఇంకెవరైనా అయితే అమ్మతోడు చెప్తున్నాను అనేవారు. ఆ పిల్ల మూతి తుడుచుకుని "చెప్ప" అంది. ఎందుకు చెప్పదో కూడా చెప్పింది. టీచరమ్మకూ, ఇప్పుడు నాకూ తప్ప ఈ సంగతి బడిలో ఎవరికీ తెలియదంది. నేను పెద్ద మనిషిలా గొంతు తగ్గించి, "మా అమ్మతోడు, ఎవలకు చెప్ప" అన్నాను. ఆమె చిరాకుగా చూసింది. "ఒట్టెందుకు? చెప్పనంటె చెప్పవు గద, గంతే" అని వెళ్ళిపోయింది. నా మాటను ఒట్టు లేకుండా తీసుకున్న మొదటి మనిషి ఆ పిల్ల. ఆ రోజంతా నాకు ఎత్తు పెరిగినట్టు ఉండింది.

సంక్రాంతి సెలవుల తర్వాత తనిఖీకి ఒక అధికారి వచ్చాడు. పొద్దున ప్రార్థన సమయంలో కుర్చీ వేసుకుని కూర్చుని, ప్రతిజ్ఞలో ఎవరో ఒకరు నోరు కదపడం లేదని అనుమానపడ్డాడు. అన్ని తలల్లో అది ఎవరో మాత్రం పట్టుకోలేకపోయాడు. హెడ్మాస్టరు నన్ను గదిలోకి పిలిపించాడు. గద్దె మీద నిలబడేవాణ్ణి కాబట్టి సాయం అడుగుతారనుకుని ఉత్సాహంగా పోయాను. అధికారి నా పేరు అడిగాడు. చెప్పాను. ఆయన హెడ్మాస్టరు వైపు తిరిగి, "ఓహో, ఇతనేనా?" అన్నాడు.

ఏం చెప్పమంటారు! నాలుగు వందల మంది నా వెంట చెబుతున్నారు, చెప్పనిది నేనేనట. ఇప్పుడైతే ఆయన మొహం మీదే నవ్వేవాణ్ణి. అప్పుడు నాకు పన్నెండేళ్ళు. హెడ్మాస్టరు చెడ్డవాడు కాదు, "వీడు గట్టిగనే చెప్తడు సార్" అన్నాడు. "గొంతు గట్టిగా ఉంటే సరిపోదండీ, మనసులో ఏముందో ఎవరికి తెలుసు" అన్నాడు ఆయన. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, ఏ కాయా ముట్టని నేను భుజాలు తడుముకున్నాను. నాన్న ఎందుకు గట్టిగా చెప్పమన్నాడో ఆ గదిలో నాకు ఒక్కసారిగా అర్థమైంది. అర్థమైతే ఏం లాభం, నోరు నా చేతిలో లేకుండా పోయింది. "నేను కాదు సార్, గంట కొట్టే పిల్ల" అన్నాను.

అంతే. ఎవరూ కొట్టలేదు, బెదిరించలేదు. ఒక్క అనుమానపు చూపుకే ఆ పిల్లను తీసి ఇచ్చేశాను.

మర్నాడు పొద్దున అధికారి చూస్తుండగా ఆ పిల్లను గద్దె మీద నా పక్కన నిలబెట్టారు. నేను చెప్పాలి, ఆమె ఒక్కతే తిరిగి అనాలి, మిగతా అందరూ చేతులు చాచి వినాలి. నేను మొదటి ముక్క చెప్పాను. రోజూ నా గొంతు వెనకాల బడి అంతా మోగేది, ఆ రోజు ఏమీ రాలేదు. డ్రిల్లు సారు మళ్ళీ చెప్పమన్నాడు. చెప్పాను. మూడోసారీ చెప్పాను. అన్ని చేతులు గాలిలోనే ఉన్నాయి, చిన్న తరగతుల పిల్లల చేతులు వణుకుతున్నాయి. అప్పుడా పిల్ల హెడ్మాస్టరు వైపు తిరిగి, ఏడుపు లేకుండా, "అందుల ఉన్నయన్ని చేస్త సార్. ఒట్టు మాత్రం పెట్ట" అంది. అధికారి ముందు హెడ్మాస్టరుకు తల తీసినంత పనైంది. ప్రతిజ్ఞ చెప్పేదాకా క్లాసుకు రావద్దన్నాడు. రెండు రోజుల్లో వాళ్ళ నాన్న వచ్చి, పెద్దమ్మ ఇంటి నుంచి ట్రంకుపెట్టె సహా పిల్లను డోర్నకల్ తీసుకుపోయాడు. ఏడో తరగతి పబ్లిక్ పరీక్షకు ఇంకా రెండు నెలలుంది. మా క్లాసులో అందరికన్నా బాగా లెక్కలు చేసేది ఆ పిల్ల.

టీచరమ్మ ఊరుకోలేదు. అధికారి వెళ్ళిపోయాక హెడ్మాస్టరును రోజూ సతాయించి ఒక మాట తీసుకుంది. తండ్రి వచ్చి, ఇది మా నమ్మకమే కానీ దేశమంటే అగౌరవం కాదని కాగితం రాసిస్తే, టీచరమ్మ పూచీ మీద పిల్లను పరీక్షకు కూర్చోబెడతానన్నాడు. సంగతి బయటపెట్టింది నేనేనని కూడా ఆయన ఆమెకు చెప్పాడు. ఆమె నన్ను పిలిచి తిట్టలేదు. ఆదివారం తనతో డోర్నకల్ రమ్మంది. మా అమ్మను అడిగి, తన పక్కన కూర్చోబెట్టుకుని పాసింజరు బండిలో తీసుకుపోయింది. దారిలో ఒకే ఒక మాట చెప్పింది. "ఆడ అడిగితె నువ్వే చెప్పాలె బాబూ. నేను చెప్తె చాడీ అయితది." నేను తల ఊపాను.

వాళ్ళ క్వార్టరు పట్టాలకు అవతల, ఒక్క గది, ముందు చిన్న వసారా. ప్రార్థన ముగించుకుని అప్పుడే అందరూ లేచి వెళ్ళినట్టున్నారు, చాపలు ఇంకా తియ్యలేదు. వాళ్ళ అమ్మ మాకు మొక్కజొన్న గటక, మామిడికాయ తొక్కు పెట్టింది. నన్ను కూడా పెద్దవాడిలా పీట వేసి కూర్చోబెట్టింది. ఆ పిల్ల తలుపు చెక్కను ఆనుకుని నిలబడింది. టీచరమ్మ కాగితం సంగతి అంతా చెప్పింది. తండ్రి నిదానంగా విన్నాడు. చేతులు సుత్తె పట్టి పట్టి కాయలు కాసి ఉన్నాయి, గొంతు మాత్రం చాలా మెత్తన. కాగితం రాసిస్తానన్నాడు. నాకు ఊపిరి వచ్చింది. తర్వాత ఆయన ఒక్కటే అడిగాడు.

"అమ్మా, నా బిడ్డ బడిల ఇద్దరికే చెప్పుకున్నది. మీకు, ఈ కొడుక్కు. ఇద్దర్ల ఎవలు చెప్పిండ్రో నాకు తెల్వాలె. కొట్లాటకు గాదు. మల్ల పంపితె ఎవలను నమ్మి పంపాలె?"

అడిగి నావైపు చూశాడు. టీచరమ్మ కూడా నావైపే చూసింది. ఎంత తేలికైన పని! నేను చెప్పిన అంటే అయిపోయేది. ఆ మనిషి నన్ను కొట్టేవాడు కాదు, తిట్టేవాడు కూడా కాదని నాకు అప్పుడే తెలుసు. కానీ ఆ పిల్ల చూస్తోంది. "నేను చెప్పలే" అన్నాను. అది చాలదని, బడి అలవాటు కొద్దీ "మా అమ్మతోడు" అని కూడా అనబోయాను. ఆయన చేయెత్తి ఆపాడు. "వద్దు కొడుకా. చెప్పలే అన్నవు, అయిపాయె" అన్నాడు.

నమ్మేశాడు. మా వీధిలో ఏ తండ్రీ నన్ను అలా నమ్మేవాడు కాదు. చెవి మెలేసి ఇంకోసారి అడిగేవాడు, మూడోసారికి నిజం దానంతట అదే బయటికి వచ్చేది. ఆ ఇంట్లో రెండోసారి అడిగే అలవాటే లేదు. ఆయన టీచరమ్మ వైపు తిరిగాడు. నేను కాకపోతే ఆమే కదా. ఆమె నన్ను చూస్తూ ఉంది, నేను గటక గిన్నెను చూస్తూ ఉన్నాను. దొంగకు తేలు కుట్టినట్టు కూర్చున్నాను. ఆమె నోరు విప్పి ఈ పిల్లవాడు అబద్ధమాడుతున్నాడు అంటుందని క్షణక్షణం ఎదురుచూశాను. ఆమె అనలేదు.

"మీరు పెద్దోళ్ళు, సదువుకున్నోళ్ళు. మీ మీద కోపం లేదమ్మా" అన్నాడు ఆయన. "కని మీ పూచీ మీద బిడ్డను పంపలేను." టీచరమ్మ సరే అని లేచింది. ఆ పిల్ల నావైపు చూసిన చూపులో ఆమెకు అంతా తెలిసిపోయిందని నాకు అనిపించింది. కానీ ఆమె మా హెడ్మాస్టరు గదిలో లేదు, కళ్ళారా చూడలేదు. చూడనిదాన్ని చూసినట్టు చెప్పడం ఆ ఇంటి పిల్లకు రాదు. మాతో వసారా దాకా వచ్చి, టీచరమ్మ చెప్పులు తెచ్చి ముందర పెట్టింది.

స్టేషన్‌లో బండి ఆగి ఉంది. మేమెక్కి కూర్చున్నా ఇంకా కదల్లేదు. కిటికీలోంచి పట్టాల అవతల ఆ క్వార్టరు కనిపిస్తూనే ఉంది. టీచరమ్మ, "ఇంక టైమున్నది. ఉరికిపొయ్యి చెప్పొస్తవా? నేనీడనే ఉంట, బండి పోతే పోనీ" అంది. నేను కదల్లేదు. నీకు తెలిసి కూడా అక్కడ ఎందుకు చెప్పలేదని ఏడుస్తూ ఆమెనే అడిగాను, సిగ్గు లేకుండా. ఆమె తన కొంగుతో నా ముక్కు తుడిచి, "నలుగుర్ల నిన్ను అబద్ధాలోడని నేనంటె, నువ్వు పెద్దైనంక గూడ అట్లనే ఉండిపోతవేమో అని భయమైంది" అంది. బండి కదిలింది. బండి దిగేదాకా నా తల ఆమె ఒడిలోనే ఉంది.

డోర్నకల్ పిల్ల మళ్ళీ బడికి రాలేదు. పరీక్ష రాయలేదు. టీచరమ్మ నమ్మి చెప్పుకున్న పిల్లను పట్టిచ్చిందని పెద్దమ్మ దవాఖానలో, వాడలో అందరికీ చెప్పింది. సుబేదారిలో ఆడవాళ్ళు కొందరు టీచరమ్మ ఎదురైతే మొహం తిప్పుకునేవారు. ఆమె ఎవరికీ సంజాయిషీ చెప్పలేదు, నాకు తెలుగులో ఒక్క మార్కూ తగ్గించలేదు. నేను ఏప్రిల్ దాకా గద్దె ఎక్కి ప్రతిజ్ఞ చెప్పించాను. గొంతు గట్టిగానే ఉండేది. ఇరవై ఏళ్ళప్పుడు ధైర్యం కూడగట్టుకుని డోర్నకల్ పోతే, ఆ క్వార్టరులో వేరేవాళ్ళు ఉన్నారు. ఆ గ్యాంగు మనిషి ఎటు బదిలీ అయ్యాడో వాళ్ళకు తెలియదు.

తర్వాత మా నాన్న మిషన్ నాకు వచ్చింది. నలభై ఏళ్ళు బడిపిల్లల బట్టలు కుట్టాను. పిల్లలు కొలతలిచ్చేటప్పుడు చేతులు ముందుకు చాచమంటాం కదా, అలా చాచి నిలబడిన ప్రతి పిల్ల దగ్గరా నా టేపు ఒక క్షణం ఆగేది. మా ఇంట్లో ఎవరినీ ఒట్టు పెట్టనివ్వను. మా కోడలు నవ్వుతుంది, మామయ్యకు ఒట్టంటే చిరాకని. చిరాకు కాదమ్మా, భయం.

పోయిన ఏడాది టీచరమ్మ కూతురు బ్లౌజు కుట్టించుకోవడానికి మా దుకాణానికి వచ్చింది. మాటల్లో అమ్మ సుబేదారిలో తన దగ్గరే ఉంటోందని, మనుషులను మరిచిపోతోందని చెప్పింది. ఆ సాయంత్రమే ఆటో ఎక్కి పోయాను. టీచరమ్మ మంచం మీద చిన్నపిల్లలా అయిపోయింది. నన్ను పోల్చుకుంది, నా పేరు కూడా చెప్పింది. నేనింకా నోరు విప్పకముందే ఆమే మొదలుపెట్టింది. "ఆ డోర్నకల్ పిల్ల యాదికున్నదా? నన్ను నమ్మి చెప్పింది. నేనే పోయి హెడ్మాస్టరుకు చెప్పిన. బంగారమసొంటి పిల్లను ఆగం జేసిన" అని కళ్ళ నీళ్ళు పెట్టుకుంది.

అన్నేళ్ళు అందరూ అన్నదాన్ని కాదనకుండా మోసి మోసి, చివరికి ఆమే దాన్ని నిజమనుకుంటోంది. నేను మంచం పక్కన కూలబడి, "కాదు టీచరమ్మా, చెప్పింది నేను. డోర్నకల్‌ల అబద్ధమాడిన. మీరు నన్ను కాపాడిండ్రు" అన్నాను. యాభై ఏళ్ళు దాచిన మాట. ఆమె కాసేపు నన్ను చూసి నవ్వింది, నా చేయి పట్టుకుంది. "నువ్వా? ఛ! నువ్వు చెప్పలే అన్నవు గద బాబూ. మంచి పిల్లగానివి నువ్వు" అంది.

అప్పటి నుంచి ప్రతి శుక్రవారం నమాజు కాగానే సుబేదారి పోతున్నాను. ప్రతివారం ఆమె తన తప్పని ఏడుస్తుంది, ప్రతివారం నేను నిజం చెబుతాను. కొన్నిసార్లు అరిచి చెబుతాను, కూతురు వంటింట్లోంచి కంగారుగా వస్తుంది. ఈ వయసులో నన్ను అబద్ధాలకోరు అనగలిగిన మనిషి ఈ భూమ్మీద ఒక్కతే మిగిలింది. ఆమె నా మాట నమ్మదు. డోర్నకల్‌లో ఆ ఇంట్లో నేను చెప్పిందే నమ్ముతుంది.